దారి మధ్యలోనే ‘మీ ట్రిప్ ముగిసింది’ అని మెసేజ్ వచ్చిందా? ఒంటరిగా క్యాబ్ ఎక్కే ఆడవాళ్లు ఇది చదవండి

రాత్రిపూట శంషాబాద్ ఎయిర్‌పోర్టు నుంచి ఒంటరిగా క్యాబ్‌లో ఇంటికి వచ్చే అమ్మాయిలు, అక్కలు అందరికీ ఇది చెప్పాలి. డ్రైవర్ పేరు, కంపెనీ పేరు ఇక్కడ రాయను. ఫిర్యాదు పోలీసుల దగ్గరుంది, అవి వాళ్లు చూసుకుంటారు. మీకు తెలియాల్సింది వేరే ఉంది. యాప్‌లో మనకిచ్చే రక్షణ అంతా ట్రిప్ నడుస్తున్నంతసేపే. ఆ ట్రిప్‌ని ముగించే బటన్ డ్రైవర్ ఫోన్‌లో ఉంటుంది.

నా ఫ్లైట్ లేటైంది. బయటికొచ్చేసరికి పదకొండు దాటింది, మియాపూర్ వైపు వెళ్లాలి. యాప్‌లో క్యాబ్ బుక్ చేశాను. పసుపు ప్లేటు, నంబరు సరిపోయింది, ఫొటోలో ఉన్న మనిషే వచ్చాడు. ఎక్కి కూర్చున్నానో లేదో, “మేడమ్, క్యాన్సిల్ కొట్టేయండి. యాప్‌లో చూపించినంతే క్యాష్ ఇవ్వండి, మాకు కమీషన్ మిగులుతుంది” అన్నాడు. కుదరదన్నాను. విసుక్కుంటూనే ఓటీపీ కొట్టి బండి తీశాడు.

హైదరాబాద్ చుట్టూ ఉన్న ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కాం. అప్పా జంక్షన్ దాటిన కాసేపటికి ఫోన్ మోగింది. మీ ప్రయాణం పూర్తయింది, డ్రైవర్‌కి రేటింగ్ ఇవ్వండి అని మెసేజ్! బండి చూస్తే ఔటర్ మీద దూసుకుపోతోంది. ఇదేంటని అడిగితే “నెట్‌వర్క్ ప్రాబ్లమ్ మేడమ్, దానంతటదే ఎండ్ అయిపోయింది” అన్నాడు, వెనక్కి తిరగకుండానే. అంతలోనే చెల్లి ఫోన్. నేను పంపిన ట్రిప్ లింకులో ప్రయాణం ముగిసినట్టు చూపిస్తోందట, “అప్పుడే ఇంటికి చేరిపోయావా అక్కా?” అంటోంది.

ఆ ఒక్క నొక్కుడుతో ఏమేం పోయాయో చూడండి. ఇంట్లోవాళ్లు చూస్తున్న లింకు ఆగిపోయింది. ఆపదలో నొక్కే ఎస్‌ఓఎస్ బటన్ ఉండే స్క్రీన్ పోయి, దాని చోట అయిదు స్టార్ల రేటింగ్ వచ్చింది. బండి దారి తప్పినా, చాలాసేపు ఎక్కడైనా ఆగినా కంపెనీ నుంచి వచ్చే ‘అంతా బాగానే ఉందా’ అన్న మెసేజ్ ఇక రాదు. కంపెనీ లెక్కలో నేను ఆ అర్ధరాత్రి ఔటర్ మీదే దిగిపోయాను.

ఇలా జరిగితే భయపడి ఔటర్ మీద మాత్రం బండి ఆపించి దిగకండి. అక్కడ నడిచే మనుషులుండరు, ఆటో దొరకదు. టూవీలర్లకు అనుమతి లేదు కాబట్టి ఇంట్లోవాళ్లు బైకేసుకుని వచ్చే వీలు కూడా లేదు. నేను చెల్లి ఫోన్ పెట్టేయనివ్వలేదు. బండి నంబరు, ఏ ఎగ్జిట్ దాటామో డ్రైవర్‌కి వినబడేలా గట్టిగా చెబుతూ, ఆ మాటల మధ్యే వాట్సాప్‌లో లైవ్ లొకేషన్ పెట్టాను. గచ్చిబౌలి దగ్గర ఔటర్ దిగాక, లైట్లు వెలుగుతున్న పెట్రోల్ బంకులో ఆపమన్నాను. ఆపాడు. తమ్ముడు అక్కడికే వచ్చాడు.

అసలు ఎందుకు ఎండ్ చేశాడో అక్కడ తెలిసింది. యాప్‌లో ఛార్జీ బాగా తగ్గిపోయింది కదా, “మిగతాది నాకు విడిగా కొట్టండి” అని స్కానర్ చూపించాడు. కమీషన్ ఎగ్గొట్టడానికి వేసిన ఎత్తు. కమీషన్ల బాధ నిజమే, డ్రైవర్లు దాని మీద ధర్నాలు చేస్తే నేనూ వాళ్లవైపే. దానికి అర్ధరాత్రి నా ట్రిప్ ముగించడమేంటి? చేతిలో క్యాష్ లేదు, ఆ టైంలో వాదన పెట్టుకునే ఓపిక లేదు. స్కాన్ చేసి కట్టేశాం.

మర్నాడు పొద్దున వాట్సాప్‌లో కొత్త నంబరు నుంచి మెసేజ్: “సేఫ్‌గా వెళ్లారా మేడమ్”. జవాబివ్వకపోతే “డీపీ బాగుంది”. బ్లాక్ చేస్తే ఇంకో నంబరు నుంచి. కాల్ చేసినప్పుడు నంబర్లు ఒకరివి ఒకరికి కనబడకుండా యాప్ దాస్తుంది కదా, ఇతనికి నా నంబరెలా దొరికింది? యూపీఐలో దొరికింది. చాలామంది యూపీఐ ఐడీ మొబైల్ నంబరుతోనే మొదలవుతుంది. డబ్బు పడగానే అవతలివాళ్లకు బ్యాంకు ఖాతాలో ఉన్న మన పూర్తి పేరు, చాలాసార్లు ఆ ఐడీ కూడా కనబడతాయి. మీ పేమెంట్ యాప్ తెరిచి మీ ఐడీ ఎలా ఉందో ఇప్పుడే చూసుకోండి. నంబరు లేకుండా ఇంకో ఐడీ పెట్టుకోవచ్చు. దానికన్నా తేలిక, క్యాబ్ డబ్బులు యాప్‌లోనే కార్డుతోనో వాలెట్‌తోనో కట్టడం. లేదంటే క్యాష్. దిగే చోటు కూడా సరిగ్గా మీ ఇంటి గేటు కాకుండా వీధి చివరి మెడికల్ షాపో, అపార్ట్‌మెంట్ మెయిన్ రోడ్డో పెట్టుకోండి.

కస్టమర్ కేర్ వాళ్ల జవాబు ఆ డ్రైవర్ మెసేజ్‌ల కన్నా ఎక్కువ కోపం తెప్పించింది. మా సిస్టమ్ ప్రకారం ట్రిప్ ఫలానా చోట పూర్తయింది, ఆ తర్వాత జరిగినవి మా ప్లాట్‌ఫామ్ పరిధిలోకి రావు అని. ఇంతకన్నా స్పష్టంగా ఎవరూ చెప్పలేరు! డ్రైవర్ మాట విని మనమే క్యాన్సిల్ కొట్టినా ఇదే జవాబు వస్తుంది. యాభయ్యో వందో తగ్గిస్తానన్నా సరే, ‘ఆఫ్‌లైన్‌లో పోదాం మేడమ్’ అంటే దిగిపోయి ఇంకో బండి చూసుకోండి.

2014 డిసెంబరులో ఢిల్లీలో యాప్ క్యాబ్ డ్రైవర్ ఒక ప్రయాణికురాలి మీద అత్యాచారం చేశాక గానీ మన దేశంలో ఈ యాప్‌లలో ఎస్‌ఓఎస్ బటన్లు రాలేదు. ఆ డ్రైవర్ మీద అంతకుముందే కేసులున్నాయి, మంచి నడవడి ఉందని చూపించిన పోలీసు సర్టిఫికెట్ నకిలీది. 2019 జనవరి నుంచి కొత్తగా రిజిస్టరయ్యే క్యాబుల్లో ట్రాకర్, ప్యానిక్ బటన్ ఉండాలన్నారు. వెనక సీటు పక్కన ఎర్ర బటన్ చూసే ఉంటారు. అది పనిచేస్తుందో లేదో ఎంతమంది నొక్కి చూశారు?

అందుకే డ్రైవర్ చేతిలో లేని ట్రాకింగ్ ఒకటి మన దగ్గర ఉండాలి. వాట్సాప్ లైవ్ లొకేషన్ మన ఫోన్‌ది, అతను ట్రిప్ ఎండ్ చేసినా ఆగదు. ఎనిమిది గంటల దాకా పెట్టుకోవచ్చు, ఎక్కేటప్పుడే పెట్టేయండి. తెలంగాణలో 2024 మార్చిలో పోలీసులు ‘టీ-సేఫ్’ మొదలుపెట్టారు. యాప్ లేకపోయినా 100కి ఫోన్ చేసి 8 నొక్కితే చాలు, ఆటో అయినా క్యాబ్ అయినా మన ప్రయాణాన్ని వాళ్లే గమనిస్తారు. ఇంత మంచి సౌకర్యం గురించి మా ఆఫీసులో అడిగితే ఎవరికీ తెలియదు. ఆంధ్రలో ఉన్నవాళ్లకు పోలీసుల ‘శక్తి’ యాప్ ఉంది. నిజంగా ఆపద అనిపిస్తే క్యాబ్ యాప్‌లో వెతుక్కుంటూ కూర్చోకుండా నేరుగా 112 కొట్టండి.

బంకులో ఆగగానే ఒక పని చేశాను, మీరూ చేయండి. ట్రిప్ వివరాల పేజీ, ముగిసిందని చూపించిన మ్యాపు, అప్పటి టైము, పేమెంట్ రసీదు అన్నిటికీ స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకున్నాను. మర్నాడు వాట్సాప్ మెసేజ్‌లు కూడా వాటికి చేరాయి. ఇవన్నీ పట్టుకుని, ఆడవాళ్ల మీద వేధింపులు చూసే పోలీసు బృందాలు షీ టీమ్స్‌కి ఫిర్యాదు చేశాను. వద్దన్నా వెంటపడి మెసేజ్‌లు పెట్టడం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 78 కింద నేరం, మొదటిసారి దొరికినా మూడేళ్ల దాకా జైలు. ఇది ఔటర్ మీద జరిగింది, మా స్టేషన్ కిందకి రాదు అని ఎవరైనా తిప్పి పంపబోతే జీరో ఎఫ్‌ఐఆర్ అడగండి. ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా రాసుకోవాల్సిందే.

పోలీసులు ఫోన్ చేశాక మెసేజ్‌లు ఆగాయి. కంపెనీ మాత్రం విడిగా కట్టిన డబ్బు వాలెట్‌లో వేసి ఫిర్యాదు మూసేసింది. ఇది డబ్బు ఫిర్యాదు కాదు, భద్రత ఫిర్యాదు అని మళ్లీ తెరిపించాను, నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి కూడా చెప్పాను. ప్రయాణికురాలు బండిలో ఉండగా, దిగాల్సిన చోటికి అంత దూరంలో డ్రైవర్ ట్రిప్ ఎండ్ చేస్తే మీ సిస్టమ్ ఒప్పుకుంటుందా అన్నది నా ప్రశ్న. మీలో ఎవరికైనా ఇలాగే జరిగి ఉంటే మీరూ కంపెనీని ఇదే ప్రశ్న రాతపూర్వకంగా అడగండి.