టొరెంట్ నడవట్లేదా? కేబులా, పోర్టా, పెద్ద ప్లానా: ఏది మేలు?

"ఫైబర్ వచ్చినంక గూడ టొరెంట్ నడుస్తలేదన్నా." టొరెంట్ అంటే ఒక ఫైల్‌ను ముక్కలుగా చాలామంది కంప్యూటర్ల నుంచి దించుకునే పద్ధతి. హన్మకొండ, కాజీపేట వైపు ఈ మాట అన్నవాళ్లకు ఎదుటివాళ్లు చెప్పే మందులు మూడు. ల్యాప్‌టాప్‌కు కేబుల్ గుచ్చు, రౌటర్‌లో పోర్టు (బయటి కంప్యూటర్లు లోపలికి వచ్చే ద్వారం) తెరువు, లేకపోతే పెద్ద ప్లాన్‌కు మారు. నా ఓటు కేబుల్‌కు. పోర్టు కొందరికే అవసరం. పెద్ద ప్లాన్ మాత్రం అన్నీ చూశాకే.

అసలు జబ్బు ఉందో లేదో ముందు తేలాలి. మీది 40 ఎంబీపీఎస్ ప్లాన్ అనుకుందాం, అంటే సెకనుకు 40 మెగాబిట్లు. టొరెంట్ సాఫ్ట్‌వేర్ చూపించేది మెగాబైట్లు. 8తో భాగిస్తే 5 వస్తుంది. అక్కడ నాలుగున్నర కనబడుతుంటే లైన్ నిండుగా నడుస్తున్నట్టే, కేబులాయనకు ఫోన్ చేసి ప్రయోజనం లేదు. అంతకంటే బాగా తక్కువైతే ఉబుంటు (విండోస్ లాంటి ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) అధికారిక సైట్‌లోని టొరెంట్ ఒకటి పెట్టి చూడండి. దానికి ప్రపంచమంతా సీడర్లే, అంటే పూర్తి ఫైల్ దగ్గర పెట్టుకుని పంచేవాళ్లే. అది ఉరికి, మీకు కావాల్సిన ఫైల్ పాకుతుంటే తప్పు మీ ఇంట్లో లేదు, ఆ ఫైల్ పంచేవాళ్లే లేరు. కేబుల్, పెద్ద ప్లాన్ పనిచేయవు, పోర్టు ఒక్కటే ఒక్కోసారి అక్కరకొస్తుంది. ఉబుంటు కూడా పాకితేనే ఇంట్లో వెతకాలి.

మన ఇళ్లల్లో ఫైబర్ డబ్బా ఎక్కడుంటుంది? వైరు లోపలికి వచ్చిన చోటే, ముందటి గదిలో తలుపు పక్కన. చదువుకునే పిల్లగాడు పై అంతస్తులో. మధ్యలో స్లాబు, రెండు గోడలు. 5 గిగాహెర్ట్జ్ వైఫై అంత దూరం దాటేసరికి నీరసపడుతుంది, ఫోన్లూ ల్యాప్‌టాప్‌లూ 2.4కు దిగుతాయి. 2.4లో ఒకదానికొకటి తగలని చానళ్లు మూడే: 1, 6, 11. నయీంనగర్‌లాంటి చోట, హాస్టళ్లూ అద్దె గదులూ ఆనుకుని ఉన్న సందులో, ఆ మూడింటినే అందరూ పంచుకోవాలి. వీడియో అయితే ముందే కొంత దాచుకుంటుంది కాబట్టి ఈ ఇరుకు బయటపడదు. పదుల మందితో ఒకేసారి ఇచ్చిపుచ్చుకునే టొరెంట్‌లో వెంటనే తెలిసిపోతుంది.

అందుకే కేబుల్. క్యాట్ 5ఈ రకం కేబుల్ చాలు, కొన్ని వందల్లో అయిపోతుంది. ఒక్కటి చూసుకోండి: కొనల్లో ఎనిమిది తీగలూ బిగించారా? నాలుగే బిగిస్తే 100 ఎంబీపీఎస్ దాటదు. 40 ప్లాన్‌కు అది చాలు కానీ, రేపు 200కు మారితే కేబులే అడ్డం పడుతుంది. గోడకు రంధ్రం వేయడానికి ఇంటి ఓనర్ ఒప్పుకోకపోతే, రాత్రి ల్యాప్‌టాప్‌ను డబ్బా దగ్గరే పెట్టి పడుకోవడం కూడా మార్గమే.

కేబుల్‌తో పాటు చేయాల్సిన పైసా ఖర్చులేని పని అప్‌లోడ్‌కు హద్దు పెట్టడం. అప్‌లోడ్ మొత్తం నిండిపోతే, వచ్చిన ముక్కలకు మన కంప్యూటర్ తిరిగి పంపే రసీదులు వెనుకబడి డౌన్‌లోడ్ కూడా కుంటుతుంది. మీ అప్‌లోడ్ వేగంలో 80 శాతం దగ్గర ఆపండి. మరీ తగ్గించొద్దు. ఇచ్చినవాళ్లకే ఎక్కువ ఇవ్వడం బిట్‌టొరెంట్ పద్ధతి, పిసినారికి ముక్కలు ఆలస్యంగా వస్తాయి. క్యూబిట్‌టొరెంట్ అనే టొరెంట్ సాఫ్ట్‌వేర్‌లో 0 అని రాస్తే అసలు హద్దే లేదని అర్థం, జాగ్రత్త.

ఇక పోర్టు. పోర్టు మూసి ఉన్నా మీరు బయటివాళ్లను పిలవగలరు, వాళ్లు మిమ్మల్ని పిలవలేరు. వందల సీడర్లుంటే ఈ తేడా పెద్దగా తెలియదు. ఇద్దరే ఉండి, వాళ్ల పోర్టులూ మూసి ఉంటే మాత్రం బండి ఆగిపోతుంది. అరుదైన ఫైళ్లు వెతికేవాళ్లకు, తాము పంచాలనుకునేవాళ్లకు పోర్టు విలువైనది. రౌటర్‌లో యూపీఎన్‌పీ (సాఫ్ట్‌వేర్ అడిగిన పోర్టును రౌటర్ తనే తెరిచే సెట్టింగ్) ఆన్ చేస్తే చాలాసార్లు అదే తెరుచుకుంటుంది.

అయితే ఇక్కడో మెలిక ఉంది. రౌటర్ సెట్టింగ్స్ పేజీలో వ్యాన్ ఐపీ, అంటే కంపెనీ మీ రౌటర్‌కు ఇచ్చిన అడ్రసు, చూడండి. అది 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీరు సీజీనాట్ వెనుక ఉన్నారు. అంటే ఒకే బయటి అడ్రసును కంపెనీ చాలా ఇళ్లకు పంచింది. అప్పుడు మీ రౌటర్‌లో ఎన్ని పోర్టులు తెరిచినా దండగే. పబ్లిక్ ఐపీ, అంటే మీ ఒక్కరికే చెందిన బయటి అడ్రసు, అడగాలి, దానికి మామూలుగా వేరే రుసుము ఉంటుంది. డబ్బు కట్టే ముందు మీ లైన్‌లో ఐపీవీ6 (ఎవరి అడ్రసు వాళ్లకు వచ్చేంత పెద్ద కొత్త అడ్రసు పద్ధతి) ఉందేమో అడగండి. ఉంటే రౌటర్ ఫైర్‌వాల్‌లో ఆ పోర్టును వదిలితే, ఐపీవీ6 ఉన్న పీర్లు (అదే ఫైల్ పంచుకునే మిగతావాళ్లు) నేరుగా రాగలరు. వీపీఎన్ (వేరే సర్వర్ మీదుగా ఇంటర్నెట్ వాడే పద్ధతి) సలహా ఇచ్చేవాళ్లూ ఉన్నారు. దారి పొడవు పెరగడమే తప్ప, పోర్టు ఇవ్వని వీపీఎన్‌తో ఈ పని కాదు.

పెద్ద ప్లాన్ ఎప్పుడంటే, కేబుల్ మీద ఉబుంటు మీ ప్లాన్ పూర్తి వేగాన్ని అందుకున్నాక కూడా మీకు చాలనప్పుడు.

పాత తెలుగు పుస్తకాల కోసం ఇంటర్నెట్ ఆర్కైవ్ (ఉచిత ఆన్‌లైన్ లైబ్రరీ) టొరెంట్లు వాడేవాళ్లకు ఇవేవీ అక్కర్లేదు. అక్కడ చాలా పుస్తకాలకు వేరే సీడర్లు ఉండరు, ముక్కలు వాళ్ల సర్వర్ నుంచే వస్తాయి. పైగా టొరెంట్‌లో ఆ పుస్తకం స్కాన్ ఫైళ్లన్నీ కట్టగట్టి ఉంటాయి. పక్కనే ఉన్న పీడీఎఫ్ నొక్కండి.