బైక్ వైర్ అతుకు: సోల్డరింగా, క్రింపింగా?

హ్యాండిల్ తిప్పినప్పుడల్లా హెడ్‌లైట్ ఆరి వెలుగుతోందంటే, చాలావరకు హ్యాండిల్ మెడ దగ్గర వంగే వైర్లలోనే ఎక్కడో పోగులు తెగి ఉంటాయి. రెండు కొసలు మెలిపెట్టి టేప్ చుట్టేస్తే వేడికి జిగురు వదిలేసి వానకి నీళ్లు లోపలికి పోతాయి, కాబట్టి ఆ పద్ధతిని నేను లెక్కలోకే తీసుకోను.

సోల్డరింగ్‌లో, అంటే లోహాన్ని కరిగించి వైర్లను అతికించడంలో, కరెంటు బాగా పారుతుంది, ఖర్చూ తక్కువే. కానీ కరిగిన సోల్డర్ పోగుల మధ్య నుంచి ఇన్సులేషన్ కిందికి పాకి వైరును పుల్లలా బిగుసుకుపోయేలా చేస్తుంది, ఆ గట్టి భాగం ముగిసే చోటే వైబ్రేషన్‌కి పోగులు ఒక్కొక్కటే తెగుతాయి. స్విచ్ లోపల, కదలని చోట అయితే సోల్డరే మేలు (సోల్డర్ బాగా పట్టడానికి రాసే ఫ్లక్స్‌లో రోజిన్ ఫ్లక్స్ మాత్రమే వాడాలి, యాసిడ్ ఫ్లక్స్ రాగిని తినేస్తుంది).

క్రింపింగ్‌లో, అంటే వైరు కొసల్ని లోహపు కనెక్టర్‌లో పెట్టి గట్టిగా నొక్కి బిగించడంలో, వేడి లేదు, వైరు మెత్తదనం పోదు. అయితే కటింగ్ ప్లేయర్‌తో నొక్కి వదిలేస్తే అది క్రింప్ కాదు. వైరు సైజుకు తగ్గ కనెక్టర్, రాచెట్ క్రింపర్ (పూర్తిగా నొక్కే దాకా వదలని పనిముట్టు), పైన తొడగడానికి లోపల జిగురున్న హీట్ ష్రింక్ స్లీవ్ (వేడి చేస్తే ముడుచుకునే గొట్టం), ఈ మూడూ ఉండాల్సిందే. నా ఓటు దీనికే.

ఏది చేసినా ముందు బ్యాటరీ నెగటివ్ తీసేయండి. అయ్యాక బ్యాటరీ మళ్లీ కలిపి, లైట్ వేసి, అతుకుకి అటూ ఇటూ మల్టీమీటర్ పెట్టి చూడండి, 0.2 వోల్టులు దాటితే కోసి మళ్లీ చేయాలి.