స్థలానికీ ఇంటికీ ఒకే లోను: కాంపోజిట్ లోన్‌లో చిక్కు ఎక్కడ?

స్థలానికి ఒక లోను, కట్టుబడికి ఇంకొకటి తీసుకుంటే ప్రాసెసింగ్ ఫీజు రెండుసార్లు, లీగల్ ఒపీనియన్ రెండుసార్లు. ఆ తిప్పట లేకుండా రెండింటికీ కలిపి బ్యాంకులు ఇచ్చేది కాంపోజిట్ లోన్. ఉత్త ప్లాట్ లోన్‌తో పోలిస్తే వడ్డీ సాధారణంగా తక్కువ, గడువు ఎక్కువ. అందరూ పావు శాతం వడ్డీ తేడా కోసం బ్యాంకులు తిరుగుతారు గానీ, అసలు చిక్కు డబ్బు చేతికొచ్చే వేళల్లో ఉంటుంది.

లెక్క వేద్దాం. 150 గజాలు, గజం 20,000 చొప్పున స్థలం 30 లక్షలు. 1,000 చదరపు అడుగుల ఇంటికి 20 లక్షలు. మొత్తం 50 లక్షలు. 30 నుంచి 75 లక్షల మధ్య లోనైతే ఆస్తి విలువలో 80 శాతం మించకూడదని రిజర్వ్ బ్యాంకు నిబంధన, కాబట్టి 40 లక్షలు వస్తుంది. స్టాంప్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఖర్చు ఆ విలువలో కలవవు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అవి ఏడున్నర శాతం దాకా అవుతాయి, అంటే 2.25 లక్షలు. స్థలంలో మీ వాటా 6 లక్షలు కలిపితే రిజిస్ట్రేషన్ నాటికే 8.25 లక్షలు సిద్ధంగా ఉండాలి.

అదీ దస్తావేజులో అసలు ధర రాస్తేనే. 20 లక్షలకు రాసి మిగతాది నగదుగా ఇమ్మన్నారనుకోండి, బ్యాంకు స్థలానికి ఇచ్చేది 16 లక్షలే, మిగతా 14 మీరే తేవాలి. స్థిరాస్తికి 20,000, ఆపైన నగదు తీసుకోవడం పన్ను చట్టం ప్రకారం నేరుగా జరిమానా కిందికొస్తుంది, అది వేరే సంగతి.

హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ), డీటీసీపీ (పట్టణ ప్రణాళిక విభాగం) ఆమోదించిన లేఅవుట్లకు ఇబ్బంది తక్కువ. అనుమతి లేని పంచాయతీ లేఅవుట్ అంటే చాలా బ్యాంకులు ఫైలే తెరవవు. లింకు డాక్యుమెంట్లు (స్థలం పాత దస్తావేజులు), 30 ఏళ్ల ఈసీ (స్థలం మీద లావాదేవీలు, తాకట్టులు చూపే పత్రం) అడ్వాన్సు ఇవ్వకముందే లాయరుకు చూపించుకోండి.

రిజిస్ట్రేషన్ అయ్యాక మీ పేరున తెచ్చుకున్న ప్లాన్ అనుమతి బ్యాంకుకు ఇస్తేనే కట్టుబడి డబ్బు కదులుతుంది. అదీ విడతలుగా: బేస్‌మెంట్, శ్లాబ్, గోడలు, ప్లాస్టరింగ్, ఫినిషింగ్. బ్యాంకు ఇంజనీరు వచ్చి ఫొటోలు తీసి, ఇంత శాతం పని అయిందని రాసిచ్చాక విడుదల. శ్లాబ్ డబ్బు శ్లాబ్ పోశాక వస్తుందన్నమాట. కానీ ఐరన్, సెంట్రింగ్, కాంక్రీటు ముందే కావాలి. ఈ సైజు ఇంటికి పునాది నుంచి శ్లాబ్ దాకా ఐరనే మూడున్నర, నాలుగు టన్నులు పడుతుంది. అరువు పెడితే షాపులో క్యాష్ రేటు రాదు, మేస్త్రికి వారం కూలీ ఆపితే మనుషులు ఇంకో సైటుకి పోతారు.

ఈ ఖాళీని పూడ్చడానికి గోల్డ్ లోన్ నయం. విడత రాగానే తీర్చేస్తే వడ్డీ కొన్ని వారాలదే. చిట్టీ మార్జిన్ మనీకి, అంటే మీ వాటా సొమ్ముకి బాగుంటుంది, కానీ తొలి నెలల్లో పాడితే తోపుడు (పాటలో వదులుకునే సొమ్ము) ఎక్కువ. అది కాక చిట్టీ నడిపే ఫోర్‌మన్ కమిషన్ చట్టం ప్రకారం చిట్టీ మొత్తంలో 7 శాతం దాకా ఉండొచ్చు. శాంక్షన్‌కు ముందు పర్సనల్ లోన్ మాత్రం తీసుకోవద్దు, దాని ఈఎంఐ మీ అర్హతను కోసేస్తుంది.

ప్రీ-ఈఎంఐ, అంటే అప్పటిదాకా విడుదలైన సొమ్ము మీద నెలనెలా కట్టే వడ్డీ, తక్కువగా కనిపించి మురిపిస్తుంది. స్థలానికి విడుదలైన 24 లక్షల మీద 8.5 శాతం చొప్పున నెలకు 17,000. అందులో అసలుకు పైసా పోదు. ప్లాన్ అనుమతి ఆరు నెలలు జాప్యమైతే 1.02 లక్షలు వడ్డీకే సరి, ఇంటద్దె అదనం. లోను తీసుకున్న ఆర్థిక సంవత్సరం ముగిశాక ఐదేళ్లలో ఇల్లు పూర్తికాకపోతే, పాత పన్ను విధానంలో సొంతింటి వడ్డీకి దొరికే 2 లక్షల మినహాయింపు 30,000కు పడిపోతుంది.

ఇంకొకటి. ప్లాన్‌లో లేని పెంట్‌హౌస్ గోడలు పైన లేస్తే ఇంజనీరు రిపోర్టులో అది ఎక్కుతుంది, మిగిలిన విడత అక్కడే ఆగుతుంది. పైన గది కావాలంటే మొదటి ప్లాన్‌లోనే గీయించండి.