క్షయ పరిశోధనకు చిట్టెలుకా, గినీ పందా?
1882లో క్షయకు కారణం ఫలానా బ్యాక్టీరియా అని రాబర్ట్ కాక్ నిరూపించడంలో గినీ పందులది పెద్ద పాత్ర. గాలితోపాటు కొద్దిపాటి క్రిములు పీల్చినా వాటికి జబ్బు అంటుకుంటుంది. ఊపిరితిత్తుల్లో మనుషులకు లాగే గడ్డలు కట్టి, వాటి మధ్యభాగం చచ్చి జున్నులా మారుతుంది. మందు చేరడం కష్టమయ్యేదీ అక్కడే.

ప్రయోగశాలల్లో మామూలుగా వాడే చిట్టెలుకల్లో ఈ జున్ను గడ్డలు ఏర్పడవు. ఇది చిన్న లోపం కాదు. (సి3హెచ్ఈబీ జాతి ఎలుకల్లో మాత్రం ఏర్పడతాయి.) అయినా ఖర్చు తక్కువ, జన్యువులు మార్చడం తేలిక. రోగనిరోధక శక్తికి పనికొచ్చే ఇంటర్ఫెరాన్ గామా అనే ప్రోటీన్ లేని ఎలుకలు క్షయకు త్వరగా బలవుతాయని 1993లో తేలింది అలాగే. గినీ పందుల్లో అలాంటి పరీక్షలకు సాధనాలు తక్కువ.

నా మట్టుకు, మందుల తొలి వడపోతకు చిట్టెలుక చాలు. టీకా విషయంలో గినీ పంది ఫలితం కూడా చూడకుండా ముందుకెళ్లడం నాకు సమ్మతం కాదు.