జులూ భాషకు అయిదు అరల పెట్టె: రెండేళ్ల ఫ్లాష్ కార్డుల వాడకం తర్వాత

డర్బన్‌కు ఉద్యోగరీత్యా వచ్చి నాలుగేళ్లయింది. మొదటి రెండేళ్లు ఇంగ్లీషుతోనే నెట్టుకొచ్చాను. తర్వాతి రెండేళ్లు రోజూ పొద్దున్నే ఇరవై నిమిషాలు జులూ ఫ్లాష్ కార్డులు ముందేసుకుని కూర్చున్నాను. 2022 జనాభా లెక్కల ప్రకారం దక్షిణాఫ్రికాలో దాదాపు నాలుగో వంతు మందికి ఇంటి భాష జులూ. మేముండే క్వాజులు-నటాల్‌లోనైతే అత్యధికులు మాట్లాడేది అదే. గురువు లేకుండా, తరగతికి వెళ్లకుండా, కార్డులతోనే ఈ భాష ప్రాథమిక పదజాలమూ వ్యాకరణమూ ఎంతవరకు పట్టుబడతాయో, ఎక్కడ మొరాయిస్తాయో చెప్పడానికి ఈ అనుభవం సరిపోతుందనుకుంటున్నాను.

మొదలుపెట్టినప్పుడు నన్ను వారించినవారు మా పక్కింటి పెద్దాయన. 1860లో మొదలైన వలసల్లో, చెరకు తోటల పనికి ఓడెక్కి వచ్చిన తెలుగు కుటుంబాల్లో ఒకదానికి ఆయన వారసుడు. ఇంట్లో తెలుగు పండగల్లో పాటలుగా మాత్రమే మిగిలింది. 'ఫనకలో' అనే భాష ముక్కలు పది వస్తే చాలు, ఈ పాట్లెందుకని ఆయన అభిప్రాయం. జులూ మాటలను తీసుకుని వాటి వ్యాకరణాన్ని దాదాపు వదిలేసిన మిశ్రమ భాష ఫనకలో. గనుల్లోనూ తోటల్లోనూ యజమానులు కూలీలకు పనులు పురమాయించడానికి వాడిన భాష కావడం వల్ల, దానితో పలకరిస్తే చాలామంది జులూ వారికి మొహం మాడిపోతుంది. అందుచేత మాటలు నేర్చుకుంటే వ్యాకరణంతోనే నేర్చుకోవాలని ముందే నిశ్చయించుకున్నాను.

మొదట ఆన్‌లైన్‌లో ఒక రెడీమేడ్ కార్డుల కట్ట కొన్నాను. డబ్బు వృథా అయింది. ఒకవైపు జులూ నామవాచకం, రెండో వైపు దాని ఇంగ్లీషు అర్థం. బహువచనం లేదు, వాక్యం లేదు. రెండు వారాల్లో నూట ఎనభై మాటలు వచ్చాయి గాని, వాటిలో ఏ రెండింటినీ కలిపి ఒక వాక్యం చెప్పలేకపోయాను. ఆ కట్టను పక్కనపెట్టి, దళసరి కాగితాన్ని అరచేతిలో ఇమిడే ముక్కలుగా కత్తిరించి, ఖాళీ చెప్పుల పెట్టెలో అట్టలతో అయిదు అరలు కట్టుకున్నాను. ఈ పద్ధతి సెబాస్టియన్ లైట్నర్ 1972లో ప్రచారంలోకి తెచ్చినది: సరిగ్గా చెప్పిన కార్డు తర్వాతి అరకు వెళుతుంది, తప్పు చెప్పినది ఎంత దూరం వెళ్లినా మళ్లీ మొదటి అరకు వస్తుంది. మొదటి అరను రోజూ, అయిదో అరను నెలకొకసారీ చూస్తాను. ఫోన్ యాప్‌లు ఇదే లెక్కను ఇంకా సూక్ష్మంగా చేస్తాయి కాని, చేత్తో రాసేటప్పుడు మాట ఒకసారి లోపలికి దిగుతుంది. నా మటుకు నాకు ఆ లాభం పెద్దది.

అసలు చిక్కు జులూ నామవాచకాల వర్గాల్లో ఉంది. ప్రతి నామవాచకమూ ఏదో ఒక వర్గానికి చెందుతుంది. ఆ వర్గాన్ని మాట ముందుండే ఉపసర్గ చెబుతుంది. ఆ ఉపసర్గ ప్రతిధ్వని వాక్యంలో మిగతా మాటలన్నిటి మీదా పడుతుంది. ఉముంటు అంటే మనిషి, అబంటు అంటే మనుషులు. కుక్క ఇంజా, కుక్కలు ఇజింజా. 'నా కుక్క పరుగెత్తుతోంది' అనాలంటే ఇంజా యామి ఇయాగిజీమా; 'నా కుక్కలు పరుగెత్తుతున్నాయి' అనాలంటే ఇజింజా జామి జియాగిజీమా. కుర్చీ అయితే ఇసిహ్లాలో సామి. మన భాషలో అబ్బాయి వచ్చాడు, కుక్క వచ్చింది, మనుషులు వచ్చారు అంటూ క్రియ చివర జరిగే పని అక్కడ మాటల మొదట్లో, పదికి పైగా వర్గాలతో జరుగుతుందన్నమాట. కాబట్టి 'ఇంజా: కుక్క' అని రాసిన కార్డు సగం కార్డే. మూడో నెలలో నామవాచకాల కార్డులన్నీ చింపేసి మళ్లీ రాశాను. కొత్త కార్డుకు ఒకవైపు 'నా కుక్కలు పరుగెత్తుతున్నాయి' అనే తెలుగు వాక్యం, వెనకవైపు జులూ వాక్యం, దాని కింద ఏకవచన రూపం. మూడు వందల కార్డులు తిరగరాయడానికి నెల పట్టింది. ఈ రెండేళ్లలో నేను చేసిన తెలివైన పని అదొక్కటే.

అదే ఊపులో ఒక తెలివితక్కువ పని కూడా చేశాను. ఒక్కో వర్గానికి ఒక్కో రంగు కేటాయించి కార్డు అంచులకు పూశాను. రెండు నెలలకు తెలిసిందేమిటంటే, నాకు గుర్తుంటున్నది మాట కాదు, రంగు. ఊదా అంచు చూడగానే 'లు' అని చెప్పేస్తున్నాను. అంచు లేని లోకంలో నోరు పెగలడం లేదు. రంగును జవాబు వైపుకు మార్చాక గాని ఇది సర్దుకోలేదు. ముఖ్యంగా 'ఉ'తో మొదలయ్యే మాటలు వలలాంటివి: ఉమామా అంటే అమ్మ, ఉన్యావో అంటే పాదం, చూడడానికి ఒక్కలాగే ఉంటాయి. కాని అమ్మలు ఒమామా, పాదాలు ఇజిన్యావో. 'నా పాదం నొప్పిగా ఉంది' అనడానికి ఉన్యావో ల్వామి లుబుహ్లూంగు అనాలి. ఈ 'లు' వర్గపు కార్డులు నా పెట్టెలో మొదటి అర దాటడానికి ఇప్పటికీ గింజుకుంటున్నాయి.

కార్డు మీద అర్థాన్ని ఇంగ్లీషులో కాక తెలుగులో రాయడం వల్ల వచ్చిన లాభం నేను ఊహించనిది. ఫూండా అంటే చదువు, ఫుండీసా అంటే చదివించు లేదా బోధించు. చేయు, చేయించు అనే జంట చిన్నప్పటి నుంచి నోట్లో నానుతున్నవాడికి ఇందులో నేర్చుకోవడానికేమీ లేదు. ఉమ్‌ఫూండి విద్యార్థి, ఇసిఫూండో పాఠం, ఉమ్‌ఫుండీసి చర్చి పాస్టరు: ఒక ధాతువు కుటుంబమంతా ఒకే కార్డు మీద పట్టింది. వ్యతిరేకం కూడా అంతే. ఙ్గియాడ్లా అంటే తింటున్నాను, అఙ్గీడ్లి అంటే తినను. తెలుగులో 'తినను' అన్నట్టే కాదనడం క్రియలోనే కలిసిపోయి, చివరి అచ్చు సైతం మారుతుంది. ఇంగ్లీషు అర్థం రాసుకున్న రోజుల్లో దీన్ని మూడు ముక్కలుగా విడగొట్టి వెతుక్కునేవాణ్ణి. పెద్దవారిని బహువచనంలో పలకరించడం, దారినపోయే ఆడమనిషిని 'అమ్మా' అన్నట్టు 'మామా' అనడం, అలా పిలిచేటప్పుడు ఉమామాలోని మొదటి 'ఉ' రాలిపోవడం, ఇవన్నీ మనకు పరాయివిగా అనిపించవు. అన్నట్టు, బడిలో పలక మీద దిద్దిన తర్వాత ఎన్నడూ అక్కరపడని 'ఙ'కు నా జీవితంలో మొదటిసారి పని దొరికింది.

అయితే అర్థం తెలుగులో రాయడం వేరు, ఉచ్చారణను తెలుగు లిపిలో రాసుకోవడం వేరు. రెండోది చేయవద్దని గట్టిగా చెబుతాను. ఇక్కడ నేను తెలుగు లిపిలో రాస్తున్నది చదువరుల సౌకర్యానికే, నా కార్డుల మీద జులూ ఇప్పుడు దాని రోమన్ లిపిలోనే ఉంటుంది. జులూలో బి పక్కన హెచ్ రాసినచోట మన కన్ను 'భ' అని చదువుతుంది గాని, పలికేది దాదాపు మన 'బ'. ఒట్టి బి రాసినచోట గాలిని కాస్త లోపలికి పీలుస్తూ పలికే మరో 'బ' ఉంది. ఇక సి, క్యూ, ఎక్స్ అక్షరాలు నాలుకతో చేసే చప్పుళ్లు. సి అంటే జాలిపడి 'చ్చొచ్చొ' అన్నప్పుడు పళ్ల వెనక వచ్చే శబ్దం. ఎక్స్ అంటే బండివాడు ఎద్దులను అదిలిస్తూ బుగ్గలో చేసే శబ్దం. క్యూ అంటే నాలుకను అంగిట్లో అంటించి 'టొక్' మని విడిపించేది. మనందరమూ చేసేవే, కాని వాటిని మాట మధ్యలో ఎప్పుడూ పెట్టలేదు.

ఆరో నెలలో ఒక శనివారం వార్విక్ జంక్షన్ మార్కెట్లో ఈ సంగతి ఒంటబట్టింది. గుడ్డుకు జులూ మాటలో మధ్యన క్యూ ఉంటుంది. నా పాత కార్డు మీద దాన్ని తెలుగులో 'క' అని రాసుకున్నాను. తలకు జులూ మాట ఇఖాండా. "మామా, ఆరు అమఖాండా కావాలి" అన్నట్టుగా వినిపించేసరికి గుడ్లమ్మే ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, ముందున్న గుడ్ల అట్టను వదిలేసి, ఎద్దు తలకాయ మాంసం వండి అమ్మేవారి వైపు చెయ్యి చూపించింది. పక్కనున్న ఇద్దరు నవ్వారు. ఆ తర్వాత ఆవిడే నాలుకను అంగిట్లో కొట్టి మూడుసార్లు చెప్పించి, గుడ్లు కాగితంలో చుట్టి ఇచ్చింది. ఆ మూడుసార్లు నా నూరు కార్డుల పెట్టు.

కార్డులకు లొంగనివి మరో రెండున్నాయి. 'చదువుతున్నాను' అని ఊరుకుంటే ఙ్గియాఫూండా. 'జులూ చదువుతున్నాను' అని కర్మను జోడిస్తే ఙ్గిఫూండా ఇసిజూలు, మధ్యలో 'యా' మాయం. తెలుగులో రెండుచోట్లా క్రియ ఒకటే కనుక కార్డు మీద తేడా కనబడదు. ఖాళీలు వదిలిన జంట వాక్యాలు రాసుకున్నాక పరీక్షలో నెగ్గడం వచ్చింది గాని, మాటల్లో ఇప్పటికీ 'యా' అడ్డం పడుతూనే ఉంది. రెండోది స్వరస్థాయి. ఇన్యాంగా అంటే చంద్రుడు, నెల. ఇన్యాంగా అంటే మూలికా వైద్యుడు కూడా. రాత ఒకటే, గొంతు ఎత్తుపల్లాలే వేరు. కార్డు మీద గీతలు గీసి చూశాను. అవి గీతలుగానే మిగిలాయి. ఆఫీసులో ఒక సహోద్యోగి చేత ఫోన్లో రికార్డు చేయించుకున్న రెండు వందల మాటలూ, కారులో ఉఖోజీ ఎఫ్ఎం వార్తలూ ఈ విషయంలో పెట్టెకన్నా ఎక్కువ పనిచేశాయి.

అంకెల కార్డుల సంగతి చెప్పకుండా ఉండలేను. ఆరుకు ఇసిఠూఫా, అంటే బొటనవేలు. ఏడుకు ఇసిఖోంబీసా, అంటే చూపుడువేలు. ఒక చేతి అయిదు వేళ్లూ అయిపోయాక రెండో చేతి బొటనవేలికి వచ్చే లెక్క ఇది. ఎనిమిదికీ తొమ్మిదికీ ఉన్న పొడవాటి మాటలకు అర్థం 'రెండు వేళ్లు వదిలి', 'ఒక వేలు వదిలి' అని. నేర్చుకునేటప్పుడు ఎంత ముచ్చటపడ్డానో చెప్పలేను. మార్కెట్లో మాత్రం "యిమాలీని?" అని ధర అడిగితే జవాబు ఎక్కువగా ఇంగ్లీషు అంకెల్లోనే వస్తుంది. ఆ కార్డులు అయిదో అరలో హాయిగా నిద్రపోతున్నాయి.

ప్రస్తుతం పెట్టెలో పదకొండు వందల పైచిలుకు కార్డులున్నాయి. పలకరింపులు, బేరం, దారి అడగడం, ఆఫీసు కాపలాదారుతో వాళ్ల ఊరి వానల గురించి అయిదు నిమిషాల మాటలు నడుస్తాయి; రేడియో వార్తల్లో సారాంశం అందుతుంది, వివరం జారిపోతుంది. ఖర్చు కాగితానిదే. ఆరు నెలలుగా ఒక నియమం పెట్టుకున్నాను: పైకి బిగ్గరగా చెప్పని జవాబు చెల్లదు. బడిలో జులూ చదువుతున్న మా అమ్మాయి టిఫిను తింటూ తీర్పు చెబుతుంది. నిన్న గుడ్డు కార్డు నాలుగో అరలోంచి తీశాను. "నాన్నా, మళ్లీ తలకాయే వచ్చింది" అని నా చేతిలోంచి లాక్కుని మొదటి అరలో వేసింది.