థర్మోస్టాట్ పీకేయడమా, కూలింగ్ బాగుచేయించడమా, హెడ్ దింపడమా: పాత కారుకు ఏది మేలు?

"థర్మోస్టాట్ చలి దేశాలకు సార్, మన ఎండలకు దాంతో పనేముంది, పీకేద్దాం. ఫ్యాన్ డైరెక్ట్ చేసేస్తా. అప్పటికీ హీటెక్కితే ఇక హెడ్ దింపాల్సిందే." పాత కారు హీటెక్కుతోందని షెడ్డుకు తీసుకెళ్తే ఈ మాట ఎక్కడో ఒకచోట వినపడుతుంది. మా బాబాయికి తన 2009 వ్యాగన్ ఆర్ విషయంలో మొన్న విజయవాడలో ఇదే చెప్పారు. హెడ్ అంటే సిలిండర్ల మీద మూతలా బిగించే ఇంజిన్ పై భాగం. వాళ్లు చెప్పనిది ఇంకొకటుంది, కూలింగ్ బాగుచేయించడం. అంటే థర్మోస్టాట్ పీకేయడం, కూలింగ్ బాగుచేయించడం, హెడ్ దింపడం, ఇలా మూడు దారులు.

పీకేయడంలో ఉన్న ఆకర్షణ తెలిసిందే. పైసా ఖర్చుండదు, కాసేపట్లో అయిపోతుంది, ఆ రోజు టెంపరేచర్ ముల్లు నిజంగానే కిందికి దిగుతుంది, మెకానిక్ మాట నిజమేననిపిస్తుంది. కానీ థర్మోస్టాట్ అనే ఈ చిన్న వాల్వు ఉన్నది ఇంజిన్ త్వరగా తన పని వేడికి చేరడానికి, చేరాక రేడియేటర్‌కు దారి తెరవడానికి. అది లేకపోతే స్టార్ట్ చేసిన దగ్గర్నుంచే నీళ్లు రేడియేటర్‌లోకి తిరుగుతుంటాయి, ఇంజిన్ ఇంకా చల్లగానే ఉందనుకుని ఈసీఎం (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్) పెట్రోల్ ఎక్కువ కొడుతుంది, మైలేజీ పడిపోతుంది, ఆయిల్ సరిగ్గా వేడెక్కక అందులో చేరిన తేమ పోదు. పైగా కొన్ని ఇంజిన్లలో బైపాస్ దారిని మూసేది కూడా ఈ థర్మోస్టాటే, దాన్ని తీసేస్తే కొంత నీరు రేడియేటర్ మొహం చూడకుండానే తిరిగి ఇంజిన్‌లోకి వచ్చేస్తుంది. అప్పుడు మే నెల ట్రాఫిక్‌లో హీటెక్కడం తగ్గకపోగా పెరగొచ్చు!

ఫ్యాన్ డైరెక్ట్, అంటే రేడియేటర్ ఫ్యాన్ ఎప్పుడూ తిరిగేలా నేరుగా కరెంటు ఇవ్వడం, దాని సంగతి కొంచెం వేరు. రాత్రిపూట దారిలో ఫ్యాన్ ఆగిపోతే ఇల్లు చేరడానికి అలా వైరు కలపడంలో తప్పులేదు. దాన్నే రిపేరు అనుకుని నెలలు తిరగడమే తప్పు, ఎందుకంటే పోయిన రిలేనో (ఫ్యాన్‌కు కరెంటు కలిపే స్విచ్చు), వేడి పసిగట్టే సెన్సరో అలాగే ఉంటుంది, మోటార్ మాత్రం అరిగిపోతుంది.

ఇక హెడ్ దింపడం. హెడ్ కింద ఉండే గ్యాస్కెట్, ల్యాత్‌లో హెడ్ అడుగు చదును చేసే ఫేసింగ్, లేబర్, విప్పాక బయటపడే ఇంకో నాలుగు పనులు, అన్నీ కలిపితే పాత బండి విలువలో పెద్ద ముక్కే పోతుంది. అవసరమైతే చేయించాలి, కాదనను, అల్యూమినియం హెడ్ ఒకసారి వంగితే పైపై మందులు పనిచేయవు. కానీ ఆధారం చూపించమనండి. ఎక్కడా లీకు లేకుండా కూలెంట్ తగ్గుతోందా, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు మూత తీసి స్టార్ట్ చేస్తే రేడియేటర్‌లో బుడగలు ఆగకుండా వస్తున్నాయా, సైలెన్సర్ నుంచి తెల్లపొగ వేడెక్కాక కూడా పోవట్లేదా, ఆయిల్ కొలిచే డిప్‌స్టిక్ మీద ఆయిల్ పాల రంగులోకి మారిందా. ఆయిల్ మూత కింద కాస్త మీగడలాంటిది కనబడగానే హెడ్ పోయిందనేస్తారు కొందరు. దగ్గర దగ్గర ట్రిప్పులే తిప్పే బండికి చలికాలంలో తేమ వల్ల కూడా అది వస్తుంది. ఈ లక్షణాలేవీ లేకుండా హెడ్ దింపుతానంటే బండి తీసుకుని వచ్చేయండి.

నా ఓటు మధ్య దారికే, అంటే కూలింగ్ లైన్ మొత్తం వరసగా చూసి పోయినవి మార్చడం. ముందు ఎప్పుడు హీటెక్కుతోందో గమనించండి. ట్రాఫిక్‌లో ఎక్కి, హైవే మీద దిగిపోతుంటే మొదటి అనుమానం ఫ్యాన్ మీద. హైవే మీద, శ్రీశైలం ఘాట్ లాంటి ఎత్తు మీద ఎక్కుతుంటే రేడియేటర్ పూడుకుపోయిందేమో, వాటర్ పంప్ అరిగిందేమో చూడాలి. ముల్లు పైకి పోయినా రేడియేటర్ కింది హోస్ చల్లగానే ఉంటే థర్మోస్టాట్ తెరుచుకోవట్లేదేమో. బాబాయి బండి ట్రాఫిక్‌లోనే హీటెక్కేది. ఫ్యూజు బాక్సులో ఫ్యాన్ రిలే తీసి అదే రకం ఇంకో రిలే పెట్టి చూస్తే ఫ్యాన్ తిరిగింది. హెడ్ దాకా వెళ్లాల్సిన అవసరమే లేదు.

థర్మోస్టాట్ మీద అనుమానముంటే విప్పించి ఇంటికి తెచ్చుకోండి. దాని మీదే 82 అనో 88 అనో చెక్కి ఉంటుంది. గిన్నెలో నీళ్లు పోసి, దారంతో వేలాడదీసి పొయ్యి మీద పెడితే ఆ వేడి దగ్గర మధ్యలో రేకు మెల్లగా పైకి లేస్తుంది. నీళ్లు తెర్లుతున్నా లేవకపోతే కొత్తది వేయించండి, మామూలు చిన్న కార్లకు వందల్లోనే అయిపోతుంది. రేడియేటర్ మూతను కూడా వదలొద్దు. 0.9 బార్ ఒత్తిడి పట్టే మూత ఉంటే లోపలి నీరు దాదాపు 118 డిగ్రీల దాకా మరగదు, రబ్బరు ఎండిపోయిన మూతకు ఆ బలం ఉండదు. ఇంజిన్ వేడిగా ఉండగా ఆ మూత ముట్టుకోకండి, మొహం కాలుతుంది.

బోరు నీళ్లు పోయడం మానేయండి. గీజర్ కాయిల్‌కు పట్టినట్టే లోపల ఉప్పు గార పడుతుంది. డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ సగం సగం కలిపి పోయిస్తే చాలు.

ఇదంతా బండి ఇంకా కొన్నేళ్లు తిప్పాలనుకుంటేనే. 15 ఏళ్లు దాటిన కారుకు ఆర్‌సీ రెన్యువల్ ఫీజు 2022 ఏప్రిల్‌లోనే 600 నుంచి 5,000కి పెంచారు, గ్రీన్ ట్యాక్స్ వేరే, రెన్యువల్ చేసేది 5 ఏళ్లకే. ఫ్లోర్ తుప్పు పట్టి చిల్లులు పడితే నేనైతే ఇంజిన్ మీద రూపాయి కూడా పెట్టను. బాడీ గట్టిగా ఉంటే మాత్రం హెడ్‌కని దాచిన డబ్బులో ముందు బ్రేక్ ఫ్లూయిడ్ మార్పించి, టైర్ల పక్కన ఉండే నాలుగంకెల తేదీ చూడండి. 2318 అని ఉంటే అది 2018లో 23వ వారం తయారైన టైరు, గాడులు ఎంత లోతుగా ఉన్నా సరే మార్చేయాల్సిందే.