పని చేయించాక పవర్ స్టీరింగ్ బరువెక్కితే: ఎయిర్ తీయాలా, సీల్ కిట్ వేయాలా, పంపు మార్చాలా?

మా 2003 మోడల్ క్వాలిస్‌కి పోయిన వేసవిలో పవర్ స్టీరింగ్ ప్రెషర్ హోస్ (పంపు నుంచి స్టీరింగ్ గేర్‌కు ఆయిల్ తీసుకెళ్ళే గొట్టం) మార్పించాం. పాతది కారి, బండి ఆపిన చోటల్లా ఎర్రటి ఆయిల్ చుక్కలు పడేవి. కొత్తది వేశాక కారడం ఆగింది. కానీ షెడ్డు గేటు దాటకముందే స్టీరింగ్ బరువెక్కింది. తిప్పినప్పుడల్లా బానెట్ కింద గుయ్‌మని మూలుగు. "పంపు పోయింది సార్, మార్చేద్దాం" అన్నారు షెడ్డు వాళ్ళు. పొద్దున తీసుకెళ్ళినప్పుడు బాగున్న పంపు మధ్యాహ్నానికి పోయిందంటే నమ్మబుద్ధి కాలేదు.

హోస్ విప్పితే లోపలికి గాలి వెళ్తుంది. పంపు ఆయిల్‌ను నెట్టగలదు కానీ, గాలి కలిసిన నురగను నెట్టలేదు. అందుకే ఆ మూలుగు, ఆ బరువు. ఇంజన్ ఆపి పవర్ స్టీరింగ్ ఆయిల్ డబ్బా మూత తీసి చూస్తే విషయం తెలిసిపోతుంది. ఆయిల్ నురగతో పాలు కలిసినట్టు కనిపిస్తే ఎయిర్ పట్టినట్టే.

పని చేయించిన తర్వాతే సమస్య వచ్చిందంటే ముందు ఎయిర్ తీయడమే మేలు. ఖర్చల్లా కొంచెం ఆయిల్, ఒక గంట సమయం. కాకపోతే దాన్ని ఓపికగా చేసేవాళ్ళు తక్కువ. ఇంజన్ స్టార్ట్ చేసి రెండుసార్లు గబగబా తిప్పి "అయిపోయింది" అంటారు. అలా చేస్తే గాలి ఇంకా చిన్న బుడగలుగా చిలికి ఆయిల్‌లో కలిసిపోతుంది. ముందు చక్రాలు రెండూ జాకీతో లేపి, స్టాండ్లు పెట్టి, ఇంజన్ ఆపే ఉంచి, ఈ చివర నుంచి ఆ చివరకు నిదానంగా పదిహేను ఇరవై సార్లు తిప్పాలి. ఒకరు తిప్పుతుంటే ఇంకొకరు డబ్బాలో ఆయిల్ తగ్గకుండా పోస్తూ ఉండాలి. బుడగలు ఆగాకే ఇంజన్ స్టార్ట్ చేసి, ఐడిల్‌లోనే (యాక్సిలరేటర్ నొక్కకుండా) మళ్ళీ నిదానంగా తిప్పాలి. చివరి వరకు తిప్పి అక్కడే పట్టుకుని ఉంచకూడదు. అక్కడ ప్రెషర్ గరిష్ఠానికి చేరి ఆయిల్ కాగిపోతుంది.

పోసే ఆయిల్ ఏదో మూత మీదో, మాన్యువల్‌లోనో రాసి ఉంటుంది. మా బండికి డెక్స్‌రాన్ రకం ఏటీఎఫ్, అంటే ఆటోమేటిక్ గేర్‌బాక్సుల్లో వాడే ఆయిల్. చేతికందింది కదా అని బ్రేక్ ఆయిల్ మాత్రం పోయనివ్వకండి. ఈ సిస్టమ్‌లోని రబ్బరు సీళ్ళు దానికి ఉబ్బి మెత్తబడిపోతాయి. ఆ తర్వాత పంపు ఒక్కటి మార్చినా సరిపోదు.

చక్రాలు లేపి ఉంచినప్పుడే ఇంకో పరీక్ష కూడా అయిపోతుంది. ఇంజన్ ఆపి ఉన్నా, చక్రాలు గాలిలో ఉన్నా స్టీరింగ్ ఎక్కడో పట్టేస్తుంటే తప్పు ఆయిల్‌ది కాదు. కాలమ్ జాయింటో, బాల్ జాయింటో బిగుసుకుని ఉంటుంది. ఒక పక్కకే బరువుగా ఉంటే స్టీరింగ్ గేర్ లోపలి వాల్వును, సీళ్ళను అనుమానించాలి. చివరి దాకా తిప్పినప్పుడు కీచుమంటే ముందు బెల్టు బిగువు చూడాలి.

ఇక సీల్ కిట్, అంటే పంపుకు వేసే కొత్త సీళ్ళ సెట్టు. పంపు షాఫ్ట్ దగ్గర ఆయిల్ కారి బెల్టు తడుస్తుంటే ఇది సరైన మందు. కానీ లోపల అరుగుదల ఉంటే కిట్‌తో పోదు. ఆయిల్ చల్లగా ఉన్నప్పుడు బాగానే ఉండి, వేడెక్కాక ఐడిల్‌లో మాత్రం బరువెక్కే పంపు చాలావరకు అరిగిన పంపే. విప్పినప్పుడు వేన్లు (పంపులో ఆయిల్‌ను నెట్టే చిన్న రేకులు) తిరిగే రింగు లోపలి గోడ చూడాలి. గోరుకు తగిలేంత గాట్లు ఉంటే కిట్ మీద పెట్టే డబ్బు దండగ. బిగించేటప్పుడు వేన్ల గుండ్రటి అంచు బయటికి, రింగు వైపు ఉండాలి. పంపులో ఆయిల్ ప్రవాహాన్ని అదుపు చేసే ఫ్లో కంట్రోల్ వాల్వుకు కాస్త ఆయిల్ రాసి దాని రంధ్రంలో వదిలితే తన బరువుకే జారాలి. ఈ రెండూ చూసే మెకానిక్ దొరికితేనే నేను కిట్‌కి ఒప్పుకుంటాను.

పంపు మార్చక తప్పదంటే పాతదా, కొత్తదా? విజయవాడ ఆటోనగర్‌లో తిరిగితే పాత బండ్ల నుంచి తీసిన పంపులు దొరుకుతాయి. కొత్తదాంతో పోలిస్తే చాలా చవక. పుల్లీ చేత్తో తిప్పి సాఫీగా ఉందో, షాఫ్ట్ ఊగుతోందో చూడగలం కానీ లోపలి అరుగుదల కనిపించదు. ఆయిల్ లేక ఎండిన సీళ్ళు ఎన్నాళ్ళు ఆగుతాయో చెప్పలేం. రోజూ తిప్పే బండికి కొత్తదే వేయించమంటాను. పాతదే కొనాల్సి వస్తే దానికి కిట్ కూడా వేయించి బిగించాలి. ఏది వేసినా ముందు పాత ఆయిల్ మొత్తం తీసేసి, డబ్బా అడుగున జల్లెడ ఉంటే కడగాలి. లేకపోతే పాత పంపు వదిలిన లోహపు పొడి కొత్తదాన్నీ తినేస్తుంది. పుల్లీని సుత్తితో కొట్టి తీయనివ్వకండి, ఎక్కించనివ్వకండి. తీయడం పుల్లర్‌తోనే (పుల్లీని లాగే పనిముట్టు) చేయించండి.

"నాలుగు రోజులు తిప్పితే అదే సర్దుకుంటుంది" అనే మాట కూడా వినిపిస్తుంది. వినకండి. గాలితో తిరిగే పంపుకు సరిగ్గా ఆయిల్ అందదు, అలా తిప్పితే బాగున్న పంపు కూడా అరిగిపోతుంది.

మా బండికి రెండుసార్లు ఎయిర్ తీసినా నురగ మళ్ళీ వచ్చింది. అప్పుడు డబ్బా నుంచి పంపుకు వెళ్ళే చిన్న హోస్ చూశాం. ప్రెషర్ హోస్ మారుస్తూ దాన్నీ పక్కకు లాగారు, గట్టిపడిన రబ్బరు మీద క్లిప్పు సరిగ్గా కూర్చోలేదు. అది పీల్చుకునే వైపు కాబట్టి ఒక్క చుక్క కూడా బయటికి కారలేదు, గాలి మాత్రం లోపలికి వెళ్తూనే ఉంది. అంగుళన్నర రబ్బరు కోసేసి, కొత్త క్లిప్పు వేసి, మూడోసారి ఎయిర్ తీశాం. మూలుగు పోయింది. పది నెలలైంది, పంపు అదే.